రిలీవర్ వచ్చేదాకా

మొన్న పొద్దున్న పాల ప్యాకెట్ల కోసం కిందికి దిగితే, మా అపార్ట్‌మెంటు గేటు దగ్గర రాత్రి డ్యూటీ గార్డు ఇంకా కుర్చీలోనే ఉన్నాడు. ఆరింటికి వెళ్ళిపోవలసిన మనిషి. ఎనిమిది దాటింది. కళ్ళు చింతనిప్పుల్లా ఉన్నాయి. టిఫిన్ డబ్బా సంచిలో సర్దేసుకుని, ఆ సంచి ఒళ్ళో పెట్టుకుని, రోడ్డు మలుపు వైపే చూస్తున్నాడు. ఇంకా వెళ్ళలేదేమని అడిగాను. "రిలీవర్ నహీ ఆయా, మాతాజీ" అన్నాడు. తన తరవాత డ్యూటీకి రావలసిన మనిషి రాలేదట. అందులో విసుగు లేదు, ఫిర్యాదూ లేదు. బయట ఎండగా ఉంది అన్నంత మామూలుగా అన్నాడు. నేను మాత్రం పాల ప్యాకెట్లు పట్టుకుని అక్కడే నిలబడిపోయాను. ఇప్పుడంటే దుర్గ్‌లో ఉంటున్నాం గాని, నా సంసారంలో సగం భిలాయి సెక్టర్ ఏడు క్వార్టర్లో గడిచింది. ఆ క్వార్టర్లో కొన్నేళ్ళపాటు రోజుకి పదిసార్లు విన్న మాట అది. అనేది మా మామగారు.

మామగారు శ్రీకాకుళం దగ్గర పల్లె నుంచి, భిలాయి ఉక్కు ప్లాంటు ఇంకా కడుతున్న రోజుల్లోనే వచ్చిన మనిషి. పంప్‌హౌస్‌లో ఆపరేటరు. ఇనుము కరిగించే ఫర్నేసు గోడల్లో ఎప్పుడూ నీళ్ళు తిరుగుతూ ఉండాలి, లేకపోతే గోడలే కరిగిపోతాయి. ఆ నీళ్ళు పంపేది పంప్‌హౌస్. నేను కోడలిగా వచ్చిన కొత్తలో ఇదంతా ఆయన నాకు చెప్పారనుకునేరు. ఆయన మాట్లాడేదే తక్కువ, కోడలితో ఇంకా తక్కువ. ఇదంతా మావారు చెప్పగా తెలిసింది. అత్తగారు నేను రాకముందే పోయారు. వంట నా పెత్తనమే. ఆ వంట గురించి మామగారు పదేళ్ళలో ఒక్క మాట అన్న పాపాన పోలేదు. ఉప్పెక్కువైతే ఇంకో గ్లాసు నీళ్ళు తాగేవారు. తక్కువైతే తాగేవారు కాదు. ఆ గ్లాసుల్ని బట్టి నేను నా వంట దిద్దుకున్నాను.

ఆయన రిటైరయ్యాక క్వార్టరు ప్లాంటులోనే పనిచేసే మావారి పేరున ఉంది కాబట్టి మాతోనే ఉండిపోయారు. రెండేళ్ళు బాగానే ఉన్నారు. ఆ తరవాత మొదలైంది. కాఫీ తాగిన గ్లాసు చేతిలో ఉండగానే ఇవాళ కాఫీ ఇవ్వలేదేమని అడిగేవారు. బజారుకి సైకిలు మీద వెళ్ళి నడిచి వచ్చేవారు. మావారు సైకిలు వెతుక్కుంటూ వెళ్ళేవారు. మా వరసలో ఇళ్ళన్నీ ఒకే అచ్చులో పోసినట్టుంటాయి, మతి సరిగా ఉన్నవాళ్ళే పొరపాటు పడతారు, అందుకని ఆయన రెండిళ్ళ అవతలి వాకిట్లో చెప్పులు విప్పేస్తే మేము నవ్వుకునేవాళ్ళం. కొన్నాళ్ళకి నవ్వు రావడం మానేసింది. ఆస్పత్రిలో డాక్టరుగారు చూసి, వయసుతో వచ్చే జబ్బు, మందు లేదు, కనిపెట్టి ఉండడమే అన్నారు. ఆ జబ్బుకి ఇప్పుడు టీవీలో చెప్పే పేరు అప్పట్లో మాకు తెలియదు. బుర్ర అరిగిపోయింది అనుకున్నాం.

అరిగిన బుర్రలో పంప్‌హౌస్ మాత్రం చెక్కు చెదరకుండా మిగిలింది. క్వార్టరు వెనక పెరట్లో, ఆంగన్ అనేవాళ్ళం అక్కడ, ఒక కుళాయి ఉండేది. పొద్దున్నే దాని పక్కన స్టూలు వేసుకుని కూర్చునేవారు. గంటకోసారి కుళాయి తిప్పి, అరచెయ్యి ధారకింద పెట్టి, కళ్ళు మూసుకుని ప్రెషరు చూసేవారు. చూసి, పిల్లల పాత నోటు పుస్తకంలో పెన్సిలుతో రాసేవారు. అది లాగ్‌బుక్కు. ఇంతవరకూ ముచ్చటగానే ఉంది. అసలు చిక్కు అక్కణ్ణించి లేవకపోవడం. భోజనానికి రమ్మంటే రారు. స్నానానికి రారు. ఎండ నెత్తిమీదికి వచ్చినా కదలరు. "రండి మావయ్యా, డ్యూటీ అయిపోయింది" అంటే నా వైపు జాలిగా చూసేవారు. "నా రిలీవర్ రానేదమ్మా. నానెలాగ ఎల్తాను?" అనేవారు. అన్నం అక్కడికే తీసుకెళ్ళి పెట్టేదాన్ని. నన్ను క్యాంటీన్ మనిషి అనుకునేవారు. ఒకరోజు పక్క క్వార్టరు పిన్నిగారితో, "కేంటీన్లో కొత్తమనిసిని ఏసినారు. పప్పు బాగా సేత్తంది. ఈవిడికి పెర్మనెంట్ సేయించీమని సెప్పాల" అన్నారు. పదేళ్ళకి మామగారు నా వంట మెచ్చుకున్నారు. అది నా వంట అని తెలియకుండానే. నాకు నవ్వాలో ఏడవాలో తెలియక రెండూ చేశాను.

పిన్నిగారంటే చుట్టం కాదు. బొబ్బిలి మనిషి. మావారి ఊరి పక్క ఊరు కాబట్టి పిన్నిగారు, అంతే. ఆవిడ "ఏటమ్మా, సిక్కిపోయి సీపురుపుల్లలా అయిపోనావు" అని రోజూ గోడ మీంచి అనేది. నిజమే. మావారికి షిఫ్టులు, పిల్లలకి బళ్ళు. తెల్లవారి లేచింది మొదలు మామగారి దగ్గర నేనొక్కదాన్నే. ఉన్నమాట చెప్పాలంటే, ఆ రోజుల్లో నేను మంచిదాన్ని కాను. కసురుకునేదాన్ని. ఒకసారి అన్నం పళ్ళెం స్టూలు పక్కన విసురుగా పెట్టాను. ఆయన కిందపడ్డ మెతుకులు ఒక్కొక్కటే ఏరి పళ్ళెంలో వేసుకున్నారు. అది నా కళ్ళముందు నుంచి ఇప్పటికీ పోదు.

విజయనగరంలో మా బావగారు ఉత్తరం రాశారు. నాన్నని తీసుకొచ్చెయ్యి, వెనకవైపు గది ఖాళీగా ఉంది, బయట గొళ్ళెం ఉంది, మనిషిని పెడదాం అని. మావారు ఆ ఉత్తరం రెండు రోజులు జేబులో పెట్టుకు తిరిగి, మూడోరోజు నాకిచ్చి, ఏమంటావన్నారు. గొళ్ళెం అన్న మాట దగ్గర నా చూపు ఆగింది. అయినా పంపేద్దామన్నాను. రైలు టిక్కెట్లు తీశారు. వారం రోజులుంది ప్రయాణం. ఆ వారం ఎలాగో గట్టెక్కితే చాలని నేను రోజులు లెక్కపెట్టుకుంటున్నాను. కుళాయి దగ్గర కూర్చునేది లేకపోతే మామగారు ఆ గదిలో ఏం చేస్తారు అన్న ప్రశ్న రాకుండా జాగ్రత్తపడుతున్నాను.

ఆ వారంలోనే నేను తెలివి ఉపయోగించాను. నీళ్ళుంటే కదా డ్యూటీ, నీళ్ళే రాకపోతే లేచి లోపలికి వస్తారు అనుకున్నాను. పదకొండు గంటలవేళ ఆయన చూడకుండా గోడవారనున్న వాల్వు కట్టేశాను. అది కట్టేసి, ఒక్క పది నిముషాలు నడుం వాల్చుదామని వంటింటి గట్టు పక్కన చాప వేసుకున్నాను. పట్టేసింది నిద్ర. ఎన్ని నెలల బాకీ నిద్రో అది. లేచేసరికి ఒంటిగంటన్నర. స్టూలు పడిపోయి ఉంది. కుళాయి పూర్తిగా తిప్పి ఉంది, చుక్క నీరు లేదు. వెనక తలుపు బార్లా తెరిచి ఉంది.

పంప్‌హౌస్ మనిషికి నీళ్ళు ఆగిపోవడం అంటే ఏమిటో నేను ఆలోచించలేదు. డ్యూటీ అయిపోవడం కాదు అది. ఫర్నేసు ప్రమాదంలో పడడం. లోపల మనుషులుంటారు. ఆయన కబురు చెప్పడానికి పరిగెత్తారు. పిన్నిగారిని కేకేసి, ఆవిడ ఒకవైపు, నేను ఒకవైపు వెతికాం. నేను మెయిన్ రోడ్డు మీదికి వచ్చేసరికి షిఫ్టు మారే వేళయింది. చూసినవాళ్ళకి తెలుస్తుంది ఆ వేళ భిలాయిలో రోడ్డంటే ఎలా ఉండేదో. ఆ చివరి నుంచి ఈ చివరి దాకా సైకిళ్ళే. వెళ్ళేవాళ్ళు, వచ్చేవాళ్ళు, గంటలు, చెయిన్ల చప్పుడు. అందులో బనీనూ లుంగీతో ఉన్న ఒక ముసలాయన్ని ఎక్కడని వెతకను? రోడ్డు పక్క నిలబడి గట్టిగా ఏడ్చాను. ఆయన పోతే నావల్లే పోయినట్టు. పోకపోయినా వారానికి గొళ్ళెం గదిలోకి వెళతారు, అదీ నావల్లే. నా మనసుకి తప్పించుకునే దారి ఒక్కటీ కనబడలేదు.

అప్పుడు సైకిళ్ళ వరసలోంచి ఒక సైకిలు పక్కకి వచ్చింది. ముందు ఖాకీ బట్టల్లో నెరిసిన మీసాలాయన. వెనక క్యారియరు మీద, అంగడికి వెళుతున్న పిల్లాడిలా బుద్ధిగా, మామగారు. ఆ మీసాలాయన్ని నేను ఒక్కసారే చూశాను, మామగారి రిటైర్‌మెంటు నాడు దండ వెయ్యడానికి వచ్చినప్పుడు. ఈ ప్రాంతం మనిషి, మరోదా అని ప్లాంటు పక్క ఊళ్ళో ఇల్లు. పద్ధెనిమిదేళ్ళు మామగారి తరవాత షిఫ్టు ఆయనదే. రిలీవర్ రాలేదు రాలేదు అని మామగారు ఏడాదిన్నరగా ఎదురుచూసిన రిలీవరు అక్షరాలా ఆయనే. డ్యూటీకి వెళుతూ, సైకిళ్ళని ఆపి ఒక్కొక్కరికీ "పానీ బంద్ హో గయా" అని, నీళ్ళు ఆగిపోయాయని చెబుతున్న మనిషిని గుర్తుపట్టాడట. అందరూ పిచ్చివాడని పక్కకి తప్పుకుంటున్నారట.

ఇంటికి వచ్చాక, మామగారు చేతులు కడుక్కుని పీట మీద కూర్చుని అన్నం తింటూ ఉంటే (ఏడాదిన్నర తరవాత ఆయన లోపలికొచ్చి తినడం అదే), నేను ఆ రిలీవర్‌గారిని ఏంచేసి తెచ్చావు భయ్యా అని అడిగాను. ఆయన మామగారిని ఇంటికి రమ్మనలేదట. సైకిలు దిగి, ఎదురుగా నిలబడి, నీళ్ళు ఎప్పుడు ఆగాయని అడిగాడట. రెండో పంపు వేశాను, ప్రెషరు వచ్చేసింది అన్నాడట. తరవాత చెయ్యి గుండెలమీద పెట్టుకుని, "చార్జ్ లే లియా, భయ్యా. అబ్ ఆప్ జాయియే" అన్నాడట. చార్జి నేను తీసుకున్నాను, ఇక మీరు వెళ్ళండి అని. అంతే, మామగారు వెంటనే క్యారియరు ఎక్కారట.

వాల్వు సంగతి నేనే చెప్పేశాను. ఆయన తిట్టలేదు. చెప్పినది హిందీలోనే గాని, బహూ, అంటే కోడలా, అన్న పిలుపు తప్ప మిగతాదంతా నా మనసులో తెలుగులోనే ఉండిపోయింది. "బహూ, ఆయనది మొండితనం కాదు. మా పని పద్ధతే అది. పద్ధెనిమిదేళ్ళలో నేనొక్కసారే ఆలస్యంగా వెళ్ళాను, నా పెద్దకొడుకు పుట్టిన రోజు. నాలుగు గంటలు. ఫోర్‌మన్ వచ్చి, నేనున్నాగా, వెళ్ళి తిను అన్నా ఈయన కదల్లేదు. చార్జి రిలీవరుకి ఇస్తాం గాని ఫోర్‌మన్‌కి ఇవ్వం అన్నాడు. నేను వెళ్ళేసరికి ఈయన ఇంకా తిండి లేకుండానే ఉన్నాడు. నన్ను ఒక్క మాట అనలేదు. అబ్బాయా అమ్మాయా అని అడిగి, చార్జి ఇచ్చి వెళ్ళాడు." ఆ మాట చెప్పి ఆయన వాల్వు విప్పి, కుళాయి తిప్పి, అరచెయ్యి ధారకింద పెట్టి చూసి, ఆ తరవాతే సైకిలెక్కాడు. డ్యూటీకి గంట ఆలస్యం. ఆ రోజు ఆయన కోసం ఎవరు ఆగారో నేను అడగలేదు.

మర్నాడు పదకొండింటికి నేను చీర కొంగు బిగించి, కుళాయి దగ్గరికి వెళ్ళి ఎదురుగా నిలబడ్డాను. అంతా సరిగ్గా ఉందా, ప్రెషరెంత అని అడిగాను. చెయ్యి ధారకింద పెట్టాను. లాగ్‌బుక్కులో సంతకం పెట్టాను. చార్జ్ లే లియా అన్నాను. మామగారు నన్ను కిందనుంచి పైదాకా చూశారు. "ఆడోల్లని కూడా ఏత్తన్నారేటి పంపౌసులోన?" అన్నారు. కొత్త ఆర్డరు వచ్చిందన్నాను. "మంచిదే. మగోడు ఒక్కడూ టయానికి రాడు" అని, లేచి, తువ్వాలు దులుపుకుని లోపలికి నడిచారు. నేను కుళాయి పట్టుకుని నిలబడిపోయాను. అంత తేలిక! ఏడాదిన్నర నుంచి ఆ మనిషిని నేను డ్యూటీ లేదు పొమ్మంటూ వచ్చాను. ఆయనకి కావలసింది నేనున్నాను వెళ్ళండి అనే మనిషి.

ఆ సాయంత్రం మావారు టిక్కెట్లు తీసి బల్ల మీద పెట్టి, "నీవల్ల అవుతుందా?" అన్నారు. "ఒక్కదానివల్ల అవదు. రిలీవర్ ఉంటే అవుతుంది" అన్నాను. ఆ మాట ఎక్కణ్ణించి వచ్చిందో నాకే తెలియదు. టిక్కెట్లు రద్దయ్యాయి. బావగారికి ఆ గదిలో బియ్యం బస్తాలు వేసుకోమని రాశారు మావారు.

అన్నీ చక్కబడ్డాయని కాదు. మావారు మొదటిరోజు గుమ్మంలో బూట్లు విప్పుకుంటూ చార్జ్ లే లియా అని కేకేస్తే, మామగారు వినిపించుకోలేదు. చెయ్యి తడపకుండా చార్జి ఏమిటి? మా పెద్దపిల్ల వెళ్ళి అడిగితే, మైనరుకి ఇవ్వకూడదని రూలు చెప్పారు. పిన్నిగారికి హిందీ రాదు, సంతకం రాదు. ఆవిడ నేరుగా వెళ్ళి మోచేతి దాకా ధారకింద పెట్టి, "ఒచ్చీసినాను బావా. నీల్లు బాగానే ఒత్తన్నాయి. నువ్వెల్లి కూడు తిను" అంది. ఆవిడకి వెంటనే చార్జి ఇచ్చేశారు. పుస్తకంలో ఆవిడ తడి వేలిముద్రలు ఇప్పటికీ ఉన్నాయి, కాగితం ఉబ్బి. అలా పదకొండింటికి నేను, మధ్యాహ్నం పిన్నిగారు, మావారు ఏ షిఫ్టు అయితే దాన్నిబట్టి మిగతా వేళ. వారానికోరోజు సెలవునాడు మరోదా నుంచి రిలీవర్‌గారు వచ్చేవాడు. ఇద్దరూ కుళాయి దగ్గర స్టూళ్ళు వేసుకుని కూర్చునేవాళ్ళు. ఆయన వచ్చినరోజు మామగారు లాగ్‌బుక్కులో అంకెలు గుండ్రంగా రాసేవారు.

ఒకనాడు రిలీవర్‌గారు నన్ను పిలిచి, మీరు కూడా ఎక్కడికైనా వెళ్ళి రండి బహూ, సాయంత్రం దాకా నేనుంటాను అన్నాడు. ఊళ్ళోనే ఇంకో చివర, రుఆబాంధా సెక్టర్లో నా పెళ్ళినాటి స్నేహితురాలుంది, రెండేళ్ళయింది చూసి. చీర మార్చుకుని బస్టాపు దాకా వెళ్ళాను. బెంచీ మీద కూర్చున్నాను. మందు ఇచ్చానా, బిస్కట్ల డబ్బా ఎక్కడుందో చెప్పానా, నీళ్ళు మరీ వేడిగా పెడతారేమో. బస్సు వచ్చింది, వెళ్ళింది. అరగంటలో ఇంటికి వచ్చేశాను. రిలీవర్‌గారు మీసాల్లోంచి నవ్వి, "ఆయన కోడలు కదా, రిలీవర్ మీద నమ్మకం ఉండదు" అన్నాడు. తరవాత నవ్వకుండా ఒక మాట అన్నాడు. చార్జి తీసుకోవడం అందరికీ వస్తుంది బహూ, చార్జి ఇవ్వడమే పని. ఇవ్వడం రానివాడు మంచి ఆపరేటరు కాడు. పై వారం నేను రుఆబాంధా వెళ్ళాను. స్నేహితురాలితో వేరుశనక్కాయలు తింటూ మూడు గంటలు పనికిమాలిన కబుర్లు చెప్పుకున్నాను. తిరిగొచ్చేసరికి మామగారు నాకు పరాయివాళ్ళలా కాక, నేను పెళ్ళై వచ్చిన నాటి మామగారిలా కనిపించారు. ఓపిక అనేది పుట్టుకతో వస్తుందని అంతకుముందు అనుకునేదాన్ని. వారానికి మూడు గంటలు వేరుశనక్కాయలు తింటే కూడా వస్తుంది.

అలా మూడేళ్ళకి పైగా నడిచింది. చివరి ఏడు మామగారు లేచి నిలబడలేకపోయారు. ఆంగన్లో కుళాయి పక్కనే నులకమంచం వేశాం. ప్రెషరు చూడడం పోయింది, రాయడం పోయింది, మాటలు కూడా రోజుకి ఒకటో రెండో. కొడుకునీ పోల్చుకోలేదు, రిలీవర్‌నీ పోల్చుకోలేదు. లాగ్‌బుక్కు మాత్రం తలగడ పక్కన ఉండేది. అది తీస్తే చెయ్యి వెతుక్కునేది.

ఒక చలికాలం మధ్యాహ్నం. ఆయన దుప్పట్లు ఉతికి పిండి, కుళాయి దగ్గర గోడకి చెయ్యి ఆనించి నిలబడ్డాను. నడుం విరిగిపోతోంది. కళ్ళు మూసుకున్నాను. పొద్దుటినుంచి నేనూ ఏమీ తినలేదు. అప్పుడు మంచం మీంచి, "ఎవలమ్మా నువ్వు?" అని వినబడింది. చూస్తే మామగారు నా వైపే చూస్తున్నారు. నేనెవరో తెలియని చూపే, అయినా శ్రద్ధగా చూస్తున్నారు. "పొద్దుట్నుంచీ నిల్చునే ఉన్నావు. నీ రిలీవర్ రానేదేటి?" అన్నారు. రాలేదని తల ఊపాను. ఆయన మెల్లిగా దుప్పటిలోంచి చెయ్యి తీసి, కుళాయి వైపు చాచారు. అందలేదు. నేను మంచం దగ్గరికి జరిపి, కుళాయి సన్నగా తిప్పాను. ధారకింద అరచెయ్యి పెట్టి కళ్ళు మూసుకున్నారు. చాలాసేపు. "బాగానే ఉన్నాది. నాను సూత్తాను. నువ్వెల్లి తినీసి రామ్మా" అన్నారు. పెన్సిలు చేతిలో పెడితే, పుస్తకంలో ఒక వంకర గీత గీశారు. నేను లోపలికి వెళ్ళి కంచం పెట్టుకుని తిన్నాను. ఆ ఇంట్లో నేను అంత కడుపునిండా అన్నం ఎప్పుడూ తినలేదు. ఏడుస్తూనే తిన్నాను.

ఆ నెల దాటకుండానే ఆయన పోయారు. పిన్నిగారూ, మరోదా రిలీవర్‌గారూ ఇప్పుడు లేరు. క్వార్టర్లో మా తరవాత ఎవరున్నారో తెలియదు. లాగ్‌బుక్కు నా బీరువాలో ఉంది.

మొన్న గేటు దగ్గర ఆ గార్డుని, రాత్రి ఏయే బళ్ళు లోపలికి వచ్చాయి, ఎవరింటి తాళంచెవి ఇక్కడుంది, రిజిస్టరేది అని అడిగాను. మొదట వింతగా చూశాడు. తరవాత లేచి నిలబడి, ఒక్కొక్కటే అప్పజెప్పాడు. వెళ్ళి టీ తాగి రా, నీ మనిషి వచ్చేదాకా నేను కూర్చుంటానని కుర్చీలో కూర్చున్నాను. పాలు ఏమైపోయాయని మావారు బాల్కనీలోంచి కేకేస్తున్నారు. ఆ కుర్చీలో కూర్చుంటే గుర్తొచ్చింది. ఆ మధ్యాహ్నం మామగారు నా దగ్గర చార్జి తీసుకున్నారు గాని, నేను తిరిగి తీసుకోనేలేదు, పుస్తకంలో ఆయన గీత కింద ఇంకో సంతకం లేదు. నలభై ఏళ్ళు దాటిపోయాయి. ఇంత పొడుగు డ్యూటీ ఆయన ప్లాంటులో కూడా చెయ్యలేదు.